దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటామా?

అరకు లోయలో కాఫీ పళ్లు ఎర్రబడే రోజులవి. ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక యువకుడు మాత్రం చర్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. చేతిలో కొత్త నోటుపుస్తకం ఒకటి ఉంది. ‘‘అయ్యగారూ, మీరొక ఉత్తరం రాసివ్వాలి’’ అన్నాడు. డిగ్రీ పూర్తిచేసి, ఊళ్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతూ, మా సంఘంలో సండేస్కూలు నడిపే బిడ్డ అతను. తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశానికి 3 వారాల సువార్త యాత్రకు వెళ్లే యువజన బృందంలో అతనికి చోటు దొరికింది. విమానం టికెట్టు, వీసా, టీకాలు, బస, భోజనం అన్నీ కలిపి 1,80,000 రూపాయలు కావాలి. ఎవరి ఖర్చు వాళ్లే తెచ్చుకోవాలి. చుట్టుపక్కల సంఘాల్లో సహాయం అడగడానికి పాస్టరు ఉత్తరం ఉంటే బాగుంటుందని వచ్చాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన మా మనసులో ముందు లేచింది సంతోషం కాదు, విసుగు. మా సంఘంలో ఉన్నవాళ్లలో చాలామంది కాఫీ తోటల్లో పళ్లు కోసేవాళ్లు, సంతలో పసుపు, పిప్పళ్లు, అడ్డాకులు అమ్ముకునేవాళ్లు. లక్షా ఎనభై వేలంటే వాళ్లకెంత దూరంలో ఉన్న మాట! ఆ వారమే సంఘపెద్దల ముందు విషయం పెట్టాం. ఒక పెద్దాయన ఉన్నమాట అనేశాడు. ‘‘మొన్న వానల్లో పై గూడెం నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చాం. చర్చి రేకులు కారుతున్నాయి. ఎదర కొండ మీద ఊళ్లలో పిల్లలకి నాలుగు అక్షరాలు చెప్పే దిక్కు లేదు. అవన్నీ వదిలేసి ఆఫ్రికాకా?’’ ఎవ్వరూ మారు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు. మరునాడు ఆ అబ్బాయిని పిలిచి, ‘‘ముందు ఇక్కడ సేవ చెయ్యి బాబూ, అక్కడి సంగతి తర్వాత చూద్దాం’’ అన్నాం. అతను సరేనని తలూపి వెళ్లిపోయాడు. నోటుపుస్తకం మాత్రం మా బల్లమీదే మరచిపోయాడు. తెరిచి చూస్తే మొదటి పేజీలో ఒకే ఒక్క పద్దు ఉంది: ‘అమ్మ – 500’.

ఆ వారం ప్రసంగానికి మేము రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయం చదువుకుంటున్నాం. ఎన్నోసార్లు బోధించిన భాగమే. కానీ 24వ వచనం దగ్గర ఆగిపోయాం. పౌలు తానెన్నడూ చూడని రోమా సంఘానికి ఉత్తరం రాస్తూ, స్పెయిను దేశానికి వెళ్లాలన్న తన ఆశను చెప్పి, దారిలో మీరు నన్ను అక్కడికి సాగనంపాలని కోరుతున్నాడు. గ్రీకు మూలంలో అక్కడున్న మాట ‘ప్రొపెంపో’. ఊరి పొలిమేర దాకా వచ్చి చెయ్యి ఊపడం మాత్రమే దాని అర్థం కాదు. దారి ఖర్చు, భోజనం, అవసరమైతే తోడు మనిషి, ఇవన్నీ ఇచ్చి పంపడం. తీతుకు 3:13లోనూ, 3 యోహాను 6వ వచనంలోనూ అదే మాట. మన ఇళ్లల్లో ఆడపిల్లను అత్తారింటికి ఉత్త చేతులతో సాగనంపుతామా? బియ్యమో, బట్టలో, ఏదో ఒకటి ఒళ్లో పెట్టి పంపిస్తాం. సువార్త కోసం వెళ్లేవారిని కూడా అలా సాగనంపడమే సంఘం పని అని పౌలు ఎంచాడు. అందుకే సిగ్గుపడకుండా అడిగాడు.

అప్పుడు మాకు మా జవాబే గుచ్చుకుంది. ‘ముందు ఇక్కడ సేవ’ అన్న మాటలో సగం సత్యం ఉంది. మిగతా సగం తప్పించుకోవడం. ఎందుకంటే ఆ అబ్బాయి ఇక్కడ సేవ చేస్తూనే ఉన్నాడు, సండేస్కూలు వాడిదే. ఎదర కొండమీది ఊళ్లకు వెళ్లనిది అతనొక్కడే కాదు, మేము కూడా! మేము వెళ్లని చోటును అడ్డం పెట్టి అతను వెళ్లాలనుకున్న చోటుకు దారి మూసేశాం.

ప్రియులారా, ఇదే న్యాయం ఒకప్పుడు మన విషయంలో కూడా అమలై ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. 1853లో అమెరికాలోని బాప్టిస్టు మిషన్ పెద్దలు ఒకచోట కూడి తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించారు. 1836లో శామ్యూల్ డే దొర మన దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడినా, చెప్పుకోదగ్గ ఫలితమేమీ కనిపించలేదు. ఖర్చు మాత్రం అవుతోంది. అదే డబ్బు ఫలమిచ్చే మరో చోట పెడితే? లెక్క ప్రకారం ఆ ప్రశ్న తప్పు కాదు. అయినా ఆ మిషన్‌ను మూయలేదు. పటం మీద ఒంటరిగా మిగిలిన ఒక నక్షత్రంలాగా ఉందని దానికి ‘లోన్ స్టార్’ అనే పేరు వచ్చింది. సరిగ్గా పాతికేళ్లకు, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మరో పాతికేళ్లకు, 1903లో, అదే తెలుగు సంఘాలు తమ సొంత మిషనరీని సముద్రం దాటించాయి!

ఆ మిషనరీ పేరు రెవరెండ్ జాన్ రంగయ్య. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు. ఆయన వెళ్లింది దక్షిణాఫ్రికాలోని నటాలుకు. అప్పటికి మనవాళ్లు ఎందరో అక్కడి చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్నారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ అనే ఓడ మొదటి కూలీలను డర్బన్ రేవులో దించింది. 5 ఏళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల జీతం. 1911లో ఆ వలసను ఆపేదాకా విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి, అంటే మన ఈ కొండల కింది పల్లెల నుంచి కూడా, వేలాదిమంది తెలుగువాళ్లు అలా ఓడలెక్కారు. వాళ్లలో క్రైస్తవులైనవారికి కాపరి లేడు. సొంత భాషలో వాక్యం చెప్పేవారు లేరు. వారి కోసం తెలుగు బాప్టిస్టు హోం మిషన్ సొసైటీ రంగయ్యగారిని పంపింది. ఆ 1903 డిసెంబరులోనే కియర్స్‌నీ అనే తేయాకు తోటల ఊళ్లో ఆయన తెలుగు సంఘాన్ని స్థాపించారు. 1914లో నటాలు ఇండియన్ బాప్టిస్టు అసోసియేషన్ ఏర్పడింది. 1915లో మరణించేదాకా ఆయన ఆ సేవలోనే ఉన్నారు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆయనను పంపిన సంఘాల్లో ఎక్కువమంది భూమి లేనివాళ్లు, కూలినాలి చేసుకునేవాళ్లు, సమాజం వెలివేసినట్టు చూసినవాళ్లు. తమ ఊరి చర్చిలకే పైకప్పులు సరిగ్గా లేని రోజులవి. ‘ముందు మన రేకులు వేసుకుందాం’ అని వాళ్లు అనుకుని ఉంటే ఎవరైనా తప్పుపట్టేవారా?

విచిత్రమేమంటే అదే 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, మన తెలుగునేల మీది దోర్నకల్‌కు తమ మిషనరీలను పంపడం మొదలుపెట్టారు. ఆ సొసైటీ స్థాపకుల్లో ముఖ్యుడైన వి.ఎస్. అజరయ్యగారు ఆ తర్వాత 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. తెలుగువాళ్లు నటాలుకు పంపుతుంటే, తెలుగువాళ్ల దగ్గరికి తమిళులు వస్తున్నారు! ‘మీ ఇంట్లో పని పూర్తయ్యాకే పొరుగింటికి వెళ్లండి’ అని దేవుడు ఎవరితోనూ అనలేదన్నమాట. ఆయన ఒకేసారి అందరినీ అన్ని దిక్కులకూ కదిలిస్తాడు. అంతియొకయ సంఘం కూడా ఊళ్లో పనంతా ముగిశాక బర్నబాను, పౌలును పంపలేదు. ఉపవాసముండి, ప్రార్థించి, తమకున్న మేలైన బోధకులనే ఇచ్చేసింది (అపొ.కా. 13:1–3).

మన కొండల సంగతే చూడండి. ఉత్తర జర్మనీలోని బ్రెక్లుమ్ అనే పల్లెలో పాస్టరు క్రిస్టియన్ జెన్సెన్ 1876లో ఒక మిషన్ మొదలుపెట్టారు. 1882లో ఆ మిషన్ మొదటి సేవకులు మన దేశానికి వచ్చారు. సాలూరులో, ఘాట్ రోడ్డుకు పైన కోరాపుట్, జయపురం ప్రాంతాల్లో జరిగిన ఆ సేవ ఫలితమే నేటి జయపురం లూథరన్ సంఘం. ఆ పల్లె మనుషులు మన కొండల్ని ఎప్పుడైనా చూశారా? చూడని కొండల కోసం, పేరైనా పలకడం రాని మనుషుల కోసం ఇచ్చారు. ఈ రోజు మన చేతుల్లో బైబిలు ఉందంటే, మనం ఎన్నడూ కలుసుకోని ఎవరో ఒకరు తమ చేతిలో ఉన్నది ఇచ్చారు కాబట్టే.

సరే, మళ్లీ మా అబ్బాయి దగ్గరికి వద్దాం. అతన్ని పిలిచి ముందు క్షమాపణ అడిగాం. తర్వాత ఉత్తరం రాసిచ్చాం. దాంతోపాటు నాలుగు షరతులు కూడా పెట్టాం. మొదటిది, డబ్బు అతని చేతికి గానీ, అతని ఖాతాకు గానీ రాకూడదు. సంఘం ఖాతాలో పడాలి. ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి. రెండోది, ఇందుకోసం ఎవరి దగ్గరా వడ్డీకి అప్పు చేయకూడదు. ఇంట్లోవాళ్ల చేత కూడా చేయించకూడదు. మూడోది, వీసా దరఖాస్తులో ఏ పనికి వెళ్తున్నాడో ఆ పనే రాయాలి. విహారయాత్ర అని రాసి సువార్తకు వెళ్లడం అబద్ధంతో మొదలుపెట్టడమే. నాలుగోది, బయల్దేరేదాకా ప్రతి శనివారం ఎదర కొండమీది ఊరికి వెళ్లి, అక్కడి పిల్లలకు చదువు చెప్పాలి. తెలుగు సరిగ్గా రాని ఆ పిల్లల భాషలో నాలుగు మాటలైనా నేర్చుకోవాలి. ఈ నాలుగో షరతుకు మేము కూడా కట్టుబడతామని చెప్పాం. ఎందుకంటే తప్పు మాది కూడా కదా.

ఈ షరతులు అపనమ్మకంతో పెట్టినవి కావు. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన కానుకను తీసుకెళ్లేటప్పుడు పౌలంతటివాడే ఒంటరిగా వెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన ఒక సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు. దేవుని ఎదుట మాత్రమే కాక మనుషుల ఎదుట కూడా యోగ్యమైనదే చేయాలని ఆయన పట్టుదల (2 కొరింథీ 8:18–21). పౌలుకు అవసరమైన జాగ్రత్త మనకు అక్కర్లేదా?

అబ్బాయి కాలినడకన గూడెం గూడెం తిరిగాడు. 10 రూపాయలిచ్చినవాళ్లున్నారు. డబ్బు లేక కుంచెడు చోళ్లు, గంపెడు పసుపు కొమ్ములు ఇస్తే, సంతలో అమ్మి ఆ సొమ్ము రాసుకున్నాడు. ఇది మనకు కొత్తేం కాదు. మిజోరం కొండల్లో తల్లులు వంటకు బియ్యం తీసేటప్పుడల్లా దేవుని కోసం ఒక పిడికెడు పక్కన పెట్టే అలవాటు 1910లో మొదలైంది. ఆ పిడికెళ్లతోనే అక్కడి సంఘాలు తమ సేవకులను దూరదేశాలకు పంపేదాకా ఎదిగాయి. పిడికెడు బియ్యం మన తెలుగు సంఘాల్లోని తల్లులకూ తెలిసిందే.

అయితే 5 నెలలు తిరిగినా 1,12,400 రూపాయలే అయింది. టికెట్లు కొనాల్సిన గడువు దాటిపోయింది. బృందం అతను లేకుండానే వెళ్లిపోయింది. ‘దేవుడు పంపాలనుకుంటే డబ్బు ఇచ్చేవాడే కదా’ అని గుసగుసలు మొదలయ్యాయి. ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాం. మా దగ్గర కూడా మంచి జవాబు లేదు. పౌలు స్పెయిను వెళ్లినట్టు బైబిలులో ఎక్కడా రాసిలేదు. అడిగినంతమాత్రాన, ప్రార్థించినంతమాత్రాన ప్రతి ప్రయాణమూ జరిగి తీరుతుందని వాక్యం మనకు చెప్పదు. అతనితో అంతే చెప్పాం.

ఇప్పుడు ఆ డబ్బేం చేయాలి? రేకులు వేయిద్దామని ఒకరన్నారు. కానీ ఇచ్చినవాళ్లు రేకుల కోసం ఇవ్వలేదు. కాబట్టి ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేయాలని తీర్మానించాం. అబ్బాయి అదే నోటుపుస్తకం పట్టుకుని మళ్లీ అన్ని గూడేలూ ఎక్కి దిగాడు. కొన్ని ఊళ్లకు అతనితో మేమూ వెళ్లాం. కొందరు డబ్బు వెనక్కి తీసుకున్నారు. భార్యకు జబ్బు చేసిన ఒక సహోదరుడు తల దించుకుని చెయ్యి చాచాడు. అతను సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తల్లిదండ్రులకు పెట్టాల్సినదాన్ని దేవుడికి అర్పించేశామని చెప్పేవారిని యేసుప్రభువే గద్దించాడు (మార్కు 7:10–13). ఇంట్లోవాళ్ల మందుల డబ్బు తీసి కానుకపెట్టెలో వేయమని ఆయన ఎన్నడూ కోరడు.

ఒక వృద్ధురాలి ఇంటికి వెళ్లాం. కాఫీ పళ్ల కోత కూలి లోంచి ఆమె ఇచ్చింది 200 రూపాయలు. అవి చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాగేసుకుంది. ‘‘నానిచ్చింది ఈ బాబుకి కాదు అయ్యగోరూ, దేవుడికిచ్చినాను. దేవుడికిచ్చింది ఎనక్కి తీసుకుంతారేటి? ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఎల్తాడు. మీ కాడే ఉంచండి’’ అంది. ప్రసంగ వేదిక ఎక్కి మేము ఏళ్ల తరబడి చెప్పింది ఆమె ఒక్క నిమిషంలో చెప్పేసింది. మాసిదోనియ సంఘాలు నిరుపేదలై ఉండి కూడా, మాకూ ఇందులో పాలు కావాలని పౌలును బతిమాలుకున్నాయట (2 కొరింథీ 8:1–5). ఇచ్చే అవకాశం కోసం బతిమాలడం! వాళ్లెలాంటివాళ్లో ఆ రోజు మాకు ఆ ఇంటి అరుగు మీద అర్థమైంది. పేదవాళ్లని అడగకుండా ఉండటం దయ అని మేము అనుకున్నాం. అందులో కొంత గర్వం కూడా ఉంది. దేవుని పనిలో వాళ్లకున్న పాలును వాళ్ల తరఫున మేమే వద్దనేశాం.

ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆమె లాగే అన్నారు. మిగిలిన 71,000 రూపాయలు ఖాతాలోనే ఉంచాం. ఆ ఏడాది అబ్బాయి ట్యూషన్ల డబ్బులోంచి, తోటపని కూలిలోంచి దాచుకున్నాడు. పౌలు కూడా ఎవరికీ భారం కాకూడదని రాత్రీపగలూ చేతులతో పని చేశాడు (1 థెస్స 2:9). డబ్బు వెనక్కి ఇచ్చాడన్న మాట కొండల్లో పాకింది. అంతకుముందు ఏమీ ఇవ్వనివాళ్లు కూడా పిలిచి ఇచ్చారు. మరుసటి ఏడాది ఒక చిన్న బృందంతో కలిసి అతను వెళ్లాడు. అరకు స్టేషన్లో విశాఖ బండి ఎక్కుతుంటే అతని పెట్టె మోసుకొచ్చింది ఎవరనుకున్నారు? ఆ రోజు ఆఫ్రికాకా అని అడిగిన పెద్దాయనే. అప్పటికి ఆయన కూడా శనివారాలు మాతో ఎదర కొండ ఎక్కుతున్నాడు.

3 వారాల్లో అతనేం సాధించాడని అడిగేవారికి మా జవాబు సూటిగా ఉంటుంది: పెద్దగా ఏమీ లేదు. 3 వారాల్లో ఎవరూ మిషనరీ అయిపోరు. రంగయ్యగారు పన్నెండేళ్లు ఉన్నారు. విదేశీయాత్ర ఫొటోలు చూపించుకోవడానికి వెళ్లేవారుంటే వాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని మేమే చెబుతాం. కానీ రోమా విశ్వాసులను చూడాలని కోరిన పౌలు, నా విశ్వాసం వల్ల మీరూ మీ విశ్వాసం వల్ల నేనూ ధైర్యపడాలని ఆశించాడు (రోమా 1:11–12). తిరిగొచ్చిన ఆదివారం అతను ముందు లెక్క చదివాడు. మిగిలిన 2,350 రూపాయలు బల్లమీద పెట్టాడు. తర్వాత ఒక్క సంగతే చెప్పాడు. అక్కడి కొండమీది చిన్న సంఘంలో ఒక ముసలాయన ఇతని ఊరి పేరు అడిగి, పలకడం రాక నాలుగుసార్లు చెప్పించుకుని, కాగితం మీద రాయించుకున్నాడట, రోజూ ప్రార్థన చేస్తానని. మా చర్చిలో నిశ్శబ్దం అలముకుంది. వెనక వరసలో ఆ 200 రూపాయల అమ్మ కళ్లు తుడుచుకుంది.

యువజనులారా! అడగడానికి సిగ్గుపడకండి. లెక్క చెప్పడానికి అంతకంటే సిగ్గుపడకండి. మీ ఊళ్లో నడవని కాళ్లు అక్కడ మాత్రం నడుస్తాయని భ్రమపడకండి. విశ్వాసులారా! ఉన్నదాన్నిబట్టి ఇవ్వండి, లేనిదాన్నిబట్టి కాదు. ఎవరి బలవంతానికో, ఎవరి మొహమాటానికో ఇవ్వకండి. ఇవ్వలేకపోతే ప్రార్థనతో సాగనంపండి. తోటి కాపరులారా! మన సంఘంలో ఏ బిడ్డయినా నోటుపుస్తకం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే, కాదనే ముందు ఆ మొదటి పేజీ ఒకసారి తెరిచి చూడండి. అక్కడ ఒక తల్లి పేరు ఉండవచ్చు. ఆమె అప్పటికే తన బిడ్డను ఇచ్చేసి ఉండవచ్చు.